ఒకే ఒరలో రెండు కత్తులు

(జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా నల్లగొండలో ఒక గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పోయిన వారం నిర్వాహకులు ఫోను చేసి, ఇంట్లో రోజూ వాడే వస్తువుల వెనక ఉన్న రసాయన శాస్త్రం గురించి మాట్లాడమని అడిగినప్పుడు నేనొక షరతు పెట్టాను. వచ్చేవాళ్లందరూ తమ వంటింటి ఉప్పు డబ్బాలోంచి చిటికెడు ఉప్పు కాగితంలో పొట్లం కట్టి తేవాలి. పేరు రాయక్కర్లేదు. బల్ల మీద పాతిక ముప్పై పొట్లాలు కనబడుతున్నాయి. ఒకరైతే ఏకంగా కిలో ప్యాకెట్టే తెచ్చారు. వెళ్లేటప్పుడు మరిచిపోకుండా తీసుకెళ్లండి. ఈ పొట్లాల సంగతి చివర్లో చూద్దాం.

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. అంతకుముందు నాలుగేళ్లు ఒక సబ్బుపొడి ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశాను. నిజం చెప్పాలంటే ఈ ముప్పై ఏళ్లకన్నా ఆ నాలుగేళ్లలో నేర్చుకున్నదే ఎక్కువ. కాలేజీలో ఒక పదార్థాన్ని తీసుకుని, ఇది దేనితో కలిస్తే ఏమవుతుందో చెబుతాం. ఫ్యాక్టరీలో పాఠం తలకిందులు. పది పదార్థాలను ఒకే సంచిలో పోస్తాం. ఆ సంచి గోదాములో, లారీలో, కిరాణా కొట్టు చూరు కింద ఏడాది పాటు పడి ఉన్నా, లోపల ఏదీ దేనితోనూ ఏమీ కాకూడదు. మా ల్యాబు పెద్దాయన అనేవారు: "కలపడానికి గరిటె చాలు. కలిపినవి కొట్టుకోకుండా చూడటానికే మనకు జీతం."

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. మీ స్నానాల గదిలో, వంటింట్లో ఉన్న వస్తువుల్లో చాలావాటిని ఆ సామెతను ఓడించి తయారుచేశారు. ఎలా ఓడించారన్నదే ఈ పూట నేను చెప్పబోయేది.

పళ్ల దగ్గర మొదలుపెడతాను. నల్లగొండలో నిలబడి ఫ్లోరైడు ఊసెత్తకుండా కెమిస్ట్రీ మాట్లాడటం సాధ్యం కాదు. ఈ జిల్లాలో ఆ మాట వినగానే పచ్చగా గారపట్టిన పళ్లు, వంగిపోయిన నడుములు, వంకరపోయిన కాళ్లు గుర్తొస్తాయి. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతాల పల్లెల్లో. అప్పటికి అవి నెల్లూరు జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. మరి ఇంత చెరుపు చేసిన పదార్థాన్నే డబ్బిచ్చి ట్యూబులో కొనుక్కుని పొద్దున్నే నోట్లో పెట్టుకుంటున్నాం కదా, ఇదేమి వింత అని నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

కథ అమెరికాలో మొదలైంది. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్లో కొత్తగా ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. కానీ ఆ మచ్చల పళ్లు పుచ్చడం లేదు. కారణం నీళ్లలో ఉందని ఆయనకు అనుమానం. ఏముందో తేలడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1931లో ఒక అల్యూమినియం కంపెనీలో పనిచేసే రసాయన శాస్త్రవేత్త చర్చిల్ ఆ నీళ్లను పరీక్షించి ఫ్లోరైడు ఉందని తేల్చాడు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర పళ్లకు మేలు. ఒకటిన్నర దాటితే కీడు మొదలు. ఇన్ని మందుల్లో, ఇన్ని పోషకాల్లో మేలుకూ కీడుకూ మధ్య గట్టు ఇంత సన్నగా ఉన్నది నాకు మరొకటి తట్టదు. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు రాకముందు మన బోరుబావులు ఆ గట్టును ఎన్నడో దాటేశాయి.

పంటి పైపొర కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన ఖనిజం. తీపి తిన్నప్పుడు నోట్లోని బ్యాక్టీరియా చేసే ఆమ్లానికి అది కొంచెం కొంచెం కరుగుతుంది. ఆ ఖనిజంలో ఫ్లోరైడు చేరితే అంత తేలిగ్గా కరగదు. అందుకని పేస్టులో ఫ్లోరైడు వేద్దామనుకున్నారు. అంతవరకూ సులువే. అసలు చిక్కు పేస్టులోని రెండో సరుకుతో వచ్చింది. పళ్లు తోమాలంటే కాస్త గరుకు కావాలి. అందుకు అన్నిటికన్నా చవకైనది సుద్ద, అంటే కాల్షియం కార్బొనేటు. ఫ్లోరైడుకు కాల్షియం కనబడితే వదలదు. రెండూ కలిసి కరగని కాల్షియం ఫ్లోరైడుగా మారిపోతాయి. ఫ్యాక్టరీలో వేసిన ఫ్లోరైడు మీ నోటికి చేరేలోగా ట్యూబులోనే సుద్దకు అతుక్కుపోయి కూర్చుంటుంది. 1940ల్లో చేసిన తొలి పేస్టులు పళ్లను కాపాడలేకపోవడానికి ఇదే కారణం. మందు ఉంది, కానీ అది అప్పటికే పెళ్లి చేసేసుకుంది.

దీన్ని విడదీయడానికి రెండు దారులు దొరికాయి. మొదటిది సుద్దనే మార్చేయడం. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ మ్యూలర్ బృందం తగరపు ఫ్లోరైడు తీసుకుని, గరుకు కోసం బాగా వేడిచేసిన కాల్షియం పైరోఫాస్ఫేటు వాడింది. అందులోని కాల్షియం తన ఖనిజంలో గట్టిగా బంధించి ఉంటుంది, ఫ్లోరైడుకు అందదు. 1950ల మధ్యలో క్రెస్ట్ పేరుతో వచ్చిన పేస్టు ఇదే. రెండో దారి ఇంకా తెలివైనది, చవకైనది కూడా. సుద్దను అలాగే ఉంచి, ఫ్లోరైడుకు ముసుగు వేశారు. ఫ్లోరిన్‌ను ఫాస్ఫరస్‌కు కట్టేస్తే సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేటు వస్తుంది. ఆ కట్టులో ఉన్నంతసేపు కాల్షియం దాన్ని పట్టుకోలేదు. నోట్లోకి వెళ్లాక లాలాజలంలోనూ పళ్ల గారలోనూ ఉండే ఎంజైములు ఆ కట్టు విప్పుతాయి. ఇంటికెళ్లి మీ ట్యూబు వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. కాల్షియం కార్బొనేటు అని ఉన్నచోట, దానికి జంటగా చాలావరకు ఈ ముసుగు ఫ్లోరైడే కనబడుతుంది.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండే సంగతి ఒకటుంది. కాల్షియానికీ ఫ్లోరైడుకూ ఉన్న ఆకర్షణ ఒక్కటే. ట్యూబులో అది బెడద. పంటి పైపొర మీద అదే మనకు కావలసింది. ఎముకలో అదే మన ఊళ్లను కుంగదీసిన జబ్బు, ఎందుకంటే ఎముక కూడా కాల్షియం ఫాస్ఫేటే. నీళ్లలోంచి దాన్ని బయటకు లాగడానికి జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థవారు 1970ల్లో పటిక, సున్నం వాడే ఒక పద్ధతి తయారుచేశారు. పటికలోని అల్యూమినియంతో ఫ్లోరైడును పట్టి అడుక్కు దించేస్తారు. ఆ పద్ధతికి ప్రపంచమంతటా ఉన్న పేరు ఏమిటో తెలుసా? నల్లగొండ టెక్నిక్. ఆఫ్రికాలో నీళ్ల ఇంజినీర్లు కూడా మన ఊరి పేరు పలుకుతారు. సంతోషించాలో బాధపడాలో తెలియని కీర్తి.

చిన్నపిల్లల తల్లులకు ఒక మాట. పేస్టు ఉమ్మడానికే గాని మింగడానికి కాదు. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడు కిలోకు వెయ్యి మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. పిల్లలకు బఠాణీ గింజంత చాలు. ప్రకటనల్లో బ్రష్షు పొడుగునా అలలు అలలుగా పేస్టు వేస్తారే, అది మీ పళ్ల కోసం కాదు, వాళ్ల అమ్మకాల కోసం.

ఇక నా పాత ఉద్యోగానికి వద్దాం. బట్టలుతకడం గురించి చాలా చెప్పుకోవచ్చు. మన రేవుల్లో రజకులు వాడిన చౌడు మన్ను క్షారమే. కుంకుడు రసం సహజమైన నురుగు. మన ఉప్పునీళ్ల బోర్లలో సబ్బు తెట్టు కడితే, డిటర్జెంటు ఆ నీళ్లలోనూ పనిచేసింది. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా మన బకెట్లలోకి వచ్చాయి. ఇవన్నీ మీకు తెలిసినవే కాబట్టి దాటేస్తున్నాను. నాకు ఇష్టమైనది ఎంజైముల కథ.

రక్తం మరకను వేడినీళ్లతో ఉతకకూడదని మీ అమ్మమ్మలకు తెలుసు. వేడికి మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు, ఉడికిన గుడ్డు తెల్లసొనలా గట్టిపడి నూలు పోగును కరిచి పట్టుకుంటాయి. పాలు, పప్పు, చెమట, గుడ్డు, అన్నీ ఆ కోవలోవే. ప్రొటీనును కోయడానికి మన కడుపులోనే ఎంజైములనే కత్తెరలున్నాయి. 1913లో జర్మనీలో ఓటో రోమ్ ఒక జంతువు క్లోమగ్రంథి నుంచి తీసిన ఎంజైమును ఉతుకుడు సోడాతో కలిపి అమ్మకానికి పెట్టాడు. పాపం, కడుపులో పుట్టిన ఎంజైము సోడా క్షారంలో ఎంతసేపు బతుకుతుంది? క్షారంలోనూ పనిచేసే ఎంజైమును బ్యాక్టీరియా నుంచి తీయడం 1960ల్లో డెన్మార్క్ కంపెనీలు నేర్చాకే ఈ ఆలోచన నిలబడింది.

నిలబడగానే రెండు గొడవలు వచ్చాయి. ఒకటి సంచి లోపల. ఎంజైము కూడా ప్రొటీనే. సబ్బుపొడిలో మరకలు విరగ్గొట్టడానికి ఆక్సిజన్ వదిలే బ్లీచు కూడా వేస్తే, అది కాస్త తేమ తగిలినా ముందు ఎంజైమునే కొట్టి చంపుతుంది. రెండోది సంచి బయట. ఎంజైము పొడి మైదాకన్నా మెత్తన. ఫ్యాక్టరీ గాలిలో లేచి కార్మికుల ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. 1960ల చివర్లో ఇంగ్లండులోని సబ్బుపొడి కర్మాగారాల్లో పనివాళ్లకు ఉబ్బసం వస్తోందని వైద్యులు గుర్తించి 1969లో వైద్యపత్రికలో రాశారు. చొక్కా మీద మరక తీయడానికి పుట్టిన సరుకు దాన్ని తయారుచేసేవాడి ఊపిరి తీస్తోంది.

రెండు గొడవలకూ ఒకటే జవాబు దొరికింది. ఎంజైమును పొడిగా కాకుండా రవ్వగా చేసి, ఆ రవ్వకు మైనం లాంటి పూత పూశారు. పూత ఉంటే ధూళి లేవదు. బ్లీచు తగలదు. బకెట్టులో నీళ్లు పడ్డాకే పూత కరిగి ఎంజైము బయటికొస్తుంది. మా ఫ్యాక్టరీలో ఆ రవ్వల సంచులకు విడిగా చల్లటి గది ఉండేది. నేను చేసిన మొదటి పని ఏమిటంటే, తెల్ల గుడ్డ ముక్కలకు పాలూ మసీ కలిపి పూసి, ఆరబెట్టి, పాత సంచిలోని పొడితో ఒకటి, కొత్త సంచిలోని పొడితో ఒకటి ఉతికి, కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూడటం. పాత సంచి గుడ్డ నల్లగా మిగిలితే లోపల ఎంజైము చచ్చినట్టు. మూడు నెలల పాటు నేను ఉతికింది పాల గుడ్డలే. ఎం.ఎస్సీ. చదివిన కొడుకు పట్నంలో ఏమి చేస్తున్నాడని ఊళ్లో అడిగితే మా నాన్న "ల్యాబు" అని మాత్రం చెప్పి ఊరుకునేవాడు.

ఇంకో మాట. పొడిలో కనబడే నీలం, ఆకుపచ్చ రవ్వలన్నీ ఎంజైములు కావు. వాటిలో కొన్ని కేవలం రంగు. చూసినవాళ్లకు ఏదో ఉందనిపించడానికి.

పొడి సరే, ఇప్పుడు ద్రవాలు వచ్చాయి. ద్రవంలో నీళ్లుంటాయి కాబట్టి ఎంజైము సీసాలోనే మేలుకుని ఉంటుంది. ప్రొటీనును కోసే ఎంజైము పక్కన కొవ్వును కోసే ఎంజైము ఉంటే దాన్నే కోసి పారేస్తుంది. ఎవరూ దొరక్కపోతే తనలాంటి మరో ఎంజైమును తింటుంది. దీనికి కనిపెట్టిన ఉపాయాల్లో ఒకటి మన పచారీ కొట్లో దొరికే వెలిగారం. వెలిగారం జాతి బోరాన్ లవణాలు ఎంజైము నోటికి అడ్డంగా కూర్చుంటాయి. గట్టిగా కాదు, వదులుగా. సీసాలో చిక్కగా ఉన్నంతసేపు అడ్డం ఉంటుంది. మూతెడు ద్రవాన్ని బకెట్టు నీళ్లలో పోయగానే పలచబడి, అడ్డం తొలగి, ఎంజైము పనిలో దిగుతుంది. అంటే నీళ్లు పోయడమే తాళం తీయడం.

ఇదే తాళం షాంపూలో కూడా ఉంది. జిడ్డు తీసే పదార్థానికి రుణావేశం, జుట్టును మెత్తబరిచే పదార్థాలకు సాధారణంగా ధనావేశం. ఒకే సీసాలో పోస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకడతాయి. అందుకే షాంపూ వేరు, కండిషనర్ వేరుగా అమ్మేవారు. రెండూ ఒకే సీసాలో రావడం 1980ల చివర్లో జరిగింది. దానిలో ఒక పాత్రధారి గోరుచిక్కుడు. అవును, మనం కొబ్బరి కారం వేసి వేపుడు చేసుకునే గోరుచిక్కుడే. దాని గింజలోని జిగురుకు ధనావేశం తగిలించి షాంపూలో వేస్తారు. చిక్కటి షాంపూలో అది కరిగే ఉంటుంది. తలమీద నీళ్లు పోసి పలచబరిచేకొద్దీ అది విడివడి, సన్నటి పొరగా జుట్టుకు అంటుకుంటుంది. మురికి పోతున్న ఘడియలోనే మెత్తదనం వచ్చి చేరుతుందన్నమాట. సీసా వెనక గ్వార్ అని మొదలయ్యే పొడవాటి పేరు కనబడితే అది ఇదే. ముత్యంలా మెరిసే షాంపూల్లో ఆ మెరుపు అందం కోసమే అనుకుంటాం. నిజానికి జుట్టును నునుపుచేసే సిలికోన్ నూనె బొట్లు అడుక్కు దిగకుండా మోస్తున్న సన్నటి మైనపు పలుకులు అవి.

కొన్ని కత్తుల్ని మాత్రం ఎవరూ ఒకే ఒరలో పెట్టలేదు, పెట్టలేరు. వాటిని రెండు సీసాల్లో అమ్ముతారు. కలిపేది మనం. రిటైరయిన కొత్తలో ఇంటి పనుల్లో సాయం చేద్దామని నాకు బుద్ధి పుట్టింది. ముందురోజు రాత్రి స్నానాల గదిలో పాచి పోవడానికి బ్లీచింగ్ పౌడరు చల్లాను. పొద్దున్నే అది కడక్కుండానే మరుగుదొడ్డి శుభ్రం చేసే యాసిడ్ సీసా ఒంపాను. క్లోరిన్. ముక్కులో సూదులు గుచ్చినట్టు, గొంతు నొక్కినట్టు. తలుపు తీసుకుని బయటపడి, అరుగు మీద కూర్చుని గంటసేపు దగ్గాను. మా ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, "ముప్పై ఏళ్లు పిల్లలకు ఏమి చెప్పారండీ?" అంది. జవాబు లేదు. సీసా మీద రాసే ఉంది, బ్లీచుతో కలపరాదని. రాసింది చదవని కెమిస్ట్రీ లెక్చరర్ని మీ ముందే నిలబడ్డాను. మీ ఇళ్లలో పనిచేయడానికి వచ్చే అమ్మలకు ఈ సంగతి నోటితో చెప్పండి. సీసా మీది ఇంగ్లీషు అక్షరాలు వాళ్లకోసం రాసినవి కావు.

ఇప్పుడు ఉప్పు.

హిమాలయాల పాదాల దగ్గర కాంగ్రా లోయ ఉంది. అక్కడి మట్టిలో, నీళ్లలో అయొడిన్ లేక జనానికి గలగండం, మెడకింద తిత్తిలా వేలాడే వాపు, వచ్చేది. తల్లికి అయొడిన్ చాలకపోతే బిడ్డ బుద్ధి ఎదుగుదల కూడా దెబ్బతింటుంది. 1956లో అక్కడ ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. లోయను మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి పొటాషియం అయొడైడు కలిపిన ఉప్పు, మరో భాగానికి పొటాషియం అయొడేటు కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు. ఆరేళ్లు తిరిగేసరికి అయొడిన్ ఉప్పు తిన్న రెండు చోట్లా గలగండం సగానికి పడిపోయింది. మూడో చోట అలాగే ఉంది. దీన్ని నడిపినవారిలో ముఖ్యుడు వులిమిరి రామలింగస్వామి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన మన తెలుగాయన. శ్రీకాకుళమంటే నౌపడ ఉప్పు మడుల జిల్లా. ఉప్పు మడుల ఊళ్లనుంచి వెళ్లినాయన కొండల్లోని జబ్బుకు ఉప్పుతోనే మందు చూపించడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

మరి అయొడైడా, అయొడేటా? అమెరికాలో 1924 నుంచే అయొడిన్ ఉప్పు అమ్ముతున్నారు. వాళ్లది అయొడైడు. అది తేమకూ గాలికీ ఆక్సీకరణం చెంది, అయొడిన్‌గా మారి ఆవిరైపోతుంది. దాన్ని ఆపడానికి వాళ్లు ఉప్పులో చిటికెడు గ్లూకోజు కలుపుతారు. ఉప్పులో చక్కెర! మన దగ్గర తేమ ఎక్కువ, ఎండ ఎక్కువ, ఉప్పు రైలు పెట్టెల్లో రోజులకొద్దీ ప్రయాణం చేస్తుంది. అందుకని మనం అయొడేటు ఎంచుకున్నాం. అది ముందే ఆక్సీకరణం చెందినది, ఇక దానికి కొత్తగా చెడేది లేదు. మనం తిన్నాక శరీరమే దాన్ని అయొడైడుగా మార్చుకుంటుంది.

బాగుంది. ఇంతలో మరొకరు అడిగారు: ఆడవాళ్లలో ఇంత రక్తహీనత ఉంది కదా, అదే ఉప్పులో ఇనుము కూడా వేయకూడదా? ఇక్కడే రెండు కత్తులు నిజంగా ఎదురుపడ్డాయి. శరీరం తేలిగ్గా తీసుకునే ఇనుము ఫెర్రస్ రూపంలోది. మన పాతకాలపు అన్నభేది అంటే అదే, ఫెర్రస్ సల్ఫేటు. అయొడేటుకు ఆక్సిజన్ ఇచ్చేయాలన్న తొందర. ఫెర్రస్ ఇనుముకు తీసుకోవాలన్న తొందర. తడి తగిలితే చాలు, ఇనుము ఫెర్రిక్‌గా మారి ఉప్పు తుప్పురంగు తిరుగుతుంది, అయొడిన్ గాల్లో కలిసిపోతుంది. రెండు పోషకాలూ పోయి చేతిలో పచ్చబడ్డ ఉప్పు మిగులుతుంది.

దీనికి ఒక పరిష్కారం మన హైదరాబాదులో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో దొరికింది. వాళ్లు సోడియం హెక్సామెటాఫాస్ఫేటు అనే పదార్థం కలిపారు. అది ఇనుమును గుప్పిట్లో పట్టుకుని అయొడేటు కంటబడకుండా దాస్తుంది. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంవారు మరో దారి తొక్కారు. ఇనుమును చిన్న రవ్వలుగా చేసి, కొవ్వు పూత పూసి, పైన తెల్లరంగు అద్ది ఉప్పులో కలిపారు. మా సబ్బుపొడి ఎంజైము రవ్వ గుర్తొచ్చిందా? అదే చొక్కా, వేరే మనిషి.

అయినా వంటింట్లో మరో పేచీ ఉంది. కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసేవారని మీలో పెద్దవాళ్లు కొందరైనా వినే ఉంటారు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు. ఇనుప కత్తిపీట మీద అరటికాయ తరిగితే వేళ్లు నల్లబడటం కూడా ఇదే. ఇనుమున్న ఉప్పు వేసిన కూరలో వగరు కాయగూర పడితే కూర రంగు తిరగవచ్చు. కూర నల్లబడితే ఆ ఇల్లాలు మళ్లీ ఆ ఉప్పు కొనదు. శాస్త్రం ఎంత గొప్పదైనా తీర్పు చెప్పేది ఆమే.

ఇనుము మాట వచ్చింది కనుక బియ్యం సంగతి కూడా చెప్పాలి. రేషను బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారని మీ ఫోన్లకు వీడియోలు వచ్చే ఉంటాయి. నాకూ వచ్చాయి. మా బంధువొకావిడ గింజలు ఏరి, పొట్లం కట్టి, బస్సులో పంపించింది. వాటిని నేను భూతద్దంలో చూశాను. గింజ కొసన మొలక ఊడిపోయిన చిన్న నొక్కు లేదు, అంచులు కాస్త నున్నగా ఉన్నాయి, రంగు కొంచెం పాలిపోయింది. టించర్ అయొడిన్ ఒక చుక్క వేశాను. క్షణంలో నీలం నలుపు. పిండిపదార్థానికి అయొడిన్ తగిలితే వచ్చే రంగు అది. ప్లాస్టిక్ అయితే అలా మారదు.

అవి బియ్యప్పిండితో చేసిన గింజలే. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 అనే రెండు విటమిన్లు కలిపి, తడిపి, జంతికల గొట్టంలోంచి నొక్కినట్టు నొక్కి, గింజంత పొడవున కోసి ఆరబెడతారు. వంద కిలోల మామూలు బియ్యంలో కిలో కలుపుతారు. కడిగేటప్పుడు కొన్ని పైకి తేలుతాయి, అందుకే అనుమానం. విటమిన్లను పొడిగా చల్లేస్తే పోయేది కదా, ఇంత తంటా ఎందుకు అంటారేమో. మనం బియ్యం రెండు మూడుసార్లు కడుగుతాం. ఆ నీళ్లు కుడితి తొట్టిలో పోస్తాం. పొడి చల్లితే బలం గేదెకు వెళ్తుంది.

లెక్క కూడా చూడండి. కిలో బియ్యంలో ఉండాల్సిన ఫోలిక్ ఆమ్లం సుమారు వంద మైక్రోగ్రాములు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. అంటే ఒక్క గ్రాముతో పది టన్నుల బియ్యం సరిపోతుంది. ఒక లారీ నిండా బియ్యానికి చిటికెడు పసుపురంగు పొడి. బి12 అయితే ఒక గ్రాము వెయ్యి టన్నులకు సరి. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి రవ్వంత తీశారు. ఆకునుంచి వచ్చింది కాబట్టి లాటిన్‌లో ఆకు పేరే పెట్టారు. దాన్ని 1945లో ల్యాబులోనే తయారుచేసింది లెడర్లీ కంపెనీలో ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం. 1895లో భీమవరంలో పుట్టినాయన. పాలకూర కట్టలతో పని లేకుండా పోయింది కాబట్టే ఇవాళ లారీలకు లారీలు కలపగలుగుతున్నాం.

ఆ గింజలో ఇనుము మాత్రం అన్నభేది కాదు. అదైతే రంగు మారుస్తుంది, రుచి చెడగొడుతుంది. అందుకని ఫెర్రిక్ పైరోఫాస్ఫేటు అనే, దాదాపు తెల్లగా ఉండే ఇనుప లవణం వాడతారు. కుండలో అది నిద్రపోతుంది, కడుపులోని ఆమ్లంలో మేలుకుంటుంది. పూర్తిగా మేలుకోదు కూడా. కదలకుండా పడి ఉండే ఇనుమును శరీరం తక్కువగా తీసుకుంటుంది, బాగా ఒంటికి పట్టే ఇనుము ఊరికే ఉండదు. ఈ బియ్యంతో రక్తహీనత ఎంతవరకు తగ్గుతుందన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన నడుస్తోంది. నా అభిప్రాయం అడిగితే, గింజల్ని ఏరి పారేయకండి, అలాగని తోటకూర, గుడ్డు మానేయకండి. తలసేమియా, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బులు ఉన్నవాళ్లు మాత్రం ఇనుము ఏ రూపంలో తీసుకోవాలన్నా వైద్యుణ్ణి అడగాలి.

సరే, మీ పొట్లాలు. ఈ చిన్న సీసాలో ఉన్నది గంజి, కాస్త ఆమ్లం, పొటాషియం అయొడైడు. ఉప్పులో అయొడేటు ఉంటే ఆమ్లం సమక్షంలో అది ఈ అయొడైడుతో తగాదా పడి అయొడిన్‌ను విడుదల చేస్తుంది. గంజి దాన్ని పట్టుకుని నీలంగా మారుతుంది. మా బంధువు బియ్యపు గింజ మీద చూసిన నీలమే ఇది. ఇప్పటిదాకా కొట్టుకోకుండా ఆపిన కథలు చెప్పాను, ఈ ఒక్కచోట మాత్రం కావాలని కొట్టుకోనిస్తున్నాం. మన ఇంటికి చేరేసరికి ఉప్పులో పది లక్షల పాళ్లకు కనీసం పదిహేను పాళ్ల అయొడిన్ ఉండాలని నిబంధన. ఆ పాటి ఉంటే నీలం బాగానే కనబడుతుంది.

ముందు వరసలో పిల్లలు ఇద్దరు ఇలా రండి. ఒకరు పొట్లం విప్పి తెల్ల పింగాణీ పళ్లెంలో ఉప్పు పోయండి, మరొకరు చుక్క వేయండి. ఒక్కొక్క దానికి ఒక్క చుక్క చాలు. మొదటిది... చూశారా, చిక్కటి నీలం. రెండోదీ అంతే. మూడోది కాస్త లేత. ఇది రాళ్లుప్పు, చేత్తో తడిమితే చెమ్మగా ఉంది, బహుశా మూత లేని జాడీలో ఉండి ఉంటుంది. నాలుగోది ఇంకా తెల్లగానే ఉంది. ఇంకో చుక్క వెయ్యి బాబూ. ఊహూఁ, మారలేదు. ఈ పొట్లం ఎవరిదో చెప్పక్కర్లేదు, కాగితం మాత్రం దాచి ఉంచండి. అయిదోది విప్పమ్మా.